బొట్టు పెట్టిన రిమోట్

మా గేటు తనంతట తాను తెరుచుకోవడం మొదలుపెట్టింది వానాకాలం చివర్లో. నేను కరీంనగర్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చుని దస్తావేజులు రాస్తుంటాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్ళు మూతలు పడుతున్న వేళకు బల్ల మీది ఫోన్ టింగుమనేది. చూస్తే 'గేటు తెరుచుకుంది' అని ఉండేది. వెంటనే ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి.

“గేటు ఎవరు తీసిండ్రు?”

“ఎవరు తియ్యలే. మూసే ఉన్నది,” అనేది నా భార్య.

“అవ్వ ఏం జేస్తుంది?”

“పండుకున్నది.”

ఫోన్ పెట్టేసినా నాకు మనసు కుదుటపడేది కాదు. మూసి ఉన్న గేటు తెరుచుకుందని ఫోన్ ఎందుకు చెబుతుంది? అబద్ధమాడితే దానికేం ఒరుగుతుంది? మనుషులకైతే ఏదో ఒకటి ఒరుగుతుంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఆ గేటుకు వైర్‌లెస్ తాళం పెట్టించింది నేనే. దొంగల భయంతో కాదు, మా అవ్వ, అంటే మా అమ్మ, బయటికి పోకుండా.

అనుమానం నా వృత్తి. అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని వచ్చినా సరే, ఆధార్ కార్డులో ఫోటోనూ ఎదురుగా ఉన్న మొహాన్నీ మార్చి మార్చి చూస్తాను. మరీ తియ్యగా మాట్లాడే తమ్ముడు కనిపిస్తే, అన్న సంతకం ఎక్కడుందని అడుగుతాను. “పెండ్లిచూపులకు వచ్చినప్పుడు గూడ నా మొఖం గట్లనే చూసిండు, పాసుబుక్కు చూసినట్టు,” అని మా ఆవిడ చుట్టాలందరి ముందూ అంటుంది. అననివ్వండి. నేను రాసిన కాగితం మీద ఇంతవరకు ఎవరూ కోర్టుకు పోలేదు.

అవ్వ విషయంలో మాత్రం అది వృత్తి కాదు, భయం. అంతకుముందు ఏడాది సందు మలుపు దగ్గర మురుగు మోరీ పక్కన జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ మరుసటి ఎండాకాలంలో ఒకనాడు పొద్దున్నే ఇంట్లో కనిపించలేదు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ వెతికాం. బస్టాండు వెతికాం. చివరికి పెద్ద దవాఖానాకు పోయి, గుర్తు తెలియని ముసలామెను ఎవరైనా తీసుకొచ్చారా అని అడిగాను. శ్రీరాంపూర్‌లో ఉండే మా అన్నకు ఫోన్ చేస్తే, కట్టుకున్న లుంగీతోనే బండెక్కాడు.

సాయంత్రం అవ్వ ఆటో దిగింది. ప్లాస్టిక్ సంచిలో తడి చీర, చేతిలో ప్రసాదం పొట్లం.

“యాడికి పోయినవే అవ్వా?”

“ధర్మపురికి పోయిన. ఆడోళ్ళకు బస్సు ఫిరీయేనాయె. ఆధార్ కార్డు జూపెట్టిన, కిటికీ పక్కన కూసున్న. గోదారిల తానం జేసిన, నర్సింహస్వామికి మొక్కిన, వచ్చిన. గిందుల ఏమున్నది?”

“చెప్పి పోవద్దా?”

“చెప్తె పోనిస్తవా?”

అన్న గోడకు ఆనుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నవ్వే మనిషి శ్రీరాంపూర్‌లో ఉంటాడు, దవాఖానాకు పోయేది నేను. ఆ వారంలోనే తాళం పెట్టించాలని నిర్ణయించుకున్నాను.

కెమెరాలు, వైర్‌లెస్ తాళాలు అమ్మే ఒకాయన దుకాణం మా ఆఫీసు దగ్గర్లోనే ఉంది. నలభై దాటిన మనిషి, మాటకు ముందు ‘సార్’, మాట తర్వాత ‘సార్’. అంత మర్యాద చూస్తే నాకు పడదు. కానీ సరుకు మంచిదే. గేటు తాళం, వరండా లైట్లు, అవ్వ గదిలో బల్బు, నీళ్ళ మోటారు, అన్నీ వైరు లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయట. ఒక బల్బు తనకందిన మాటను పక్క బల్బుకు అందిస్తుందట. వాటన్నిటినీ నడిపించడానికి హాల్లో ప్లగ్గుకు తగిలించే తెల్ల డబ్బా ఒకటి, దాన్ని హబ్ అన్నాడు. చేతిలో ఇమిడే చిన్న రిమోట్లు రెండు. హబ్‌ను నా ఫోన్‌కు కలుపుతానన్నాడు.

బిగించే రోజు అన్నను కూడా పిలిచాను. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ కొత్త వస్తువొచ్చినా, సైకిలైనా ఫ్రిజ్జయినా, బొట్టు పెట్టి మొదట పెద్దవాడి చేత ముట్టిస్తాం. బాపు ఉన్నన్నాళ్ళూ బాపు ముట్టుకునేవాడు. బాపు పోయాక అన్న. పంపకాల్లో ఇల్లు నాకు వచ్చింది, చెన్నూరు దగ్గరి భూమి అన్నకు పోయింది, కాగితం నేనే రాశాను. అయినా ఈ ఇంట్లో బొట్టు పెట్టిన వస్తువు మొదట ముట్టేది అన్నే.

మా ఆవిడ కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. బిగించే ఆయన తెల్ల డబ్బా విప్పబోతున్నాడు. దానికి బొట్టు పెట్టి, వైరు వేలాడుతుండగా బావగారి చేతిలో ఎలా పెట్టడం? అందుకని ఒక రిమోట్ తీసుకుని, దాని నెత్తిన పసుపు రాసి బొట్టు పెట్టి, “తీస్కోండ్రి బావా,” అని అందించింది.

బిగించే ఆయన ఒక క్షణం ఆగాడు. ఏదో చెప్పబోయి మానేశాడు. “సరే సార్, పెద్దసార్ చేతులతోనే మొదలుపెడుదాం,” అన్నాడు. అన్న రిమోట్ మీద ఒత్తాడు, ఆయన గేటు దగ్గర తాళం మీద ఒత్తాడు. లైట్లు, మోటారు, అన్నీ అలాగే ఒకటొకటిగా కలిశాయి. చివర్న హబ్‌ను కూడా ఆ రిమోట్‌తోనే కలిపాడు. నా ఫోన్‌లో ఇల్లంతా కనిపించింది. వేలితో తాకితే గేటు తెరుచుకుంది, మళ్ళీ తాకితే మూసుకుంది. మరిచిపోయి వదిలేసినా కాసేపటికి తనే మూసుకుంటుందని చెప్పాడు. మాంసం కూరతో భోజనాలయ్యాయి. అవ్వ మాత్రం గేటు వైపు చూస్తూ నాలుగు మెతుకులు తిని లేచింది.

పోయేటప్పుడు అన్న బొట్టు పెట్టిన రిమోట్‌ను జేబులో వేసుకున్నాడు. బొట్టు పెట్టి చేతికిచ్చిన దాన్ని తిరిగి ఎట్లా అడుగుతాం? పైగా అది గేటు తీసే రిమోటే కదా, ఎప్పుడైనా వస్తే పనికొస్తుందనుకున్నాను. రెండో రిమోట్ కోసం చూస్తే అట్టపెట్టె ఖాళీగా ఉంది. బిగించే ఆయనకు ఫోన్ చేశాను.

“రెండు బల్ల మీద పెట్టిన సార్. అమ్మతోడు.”

అమ్మతోడు అన్న మనిషిని నేను ఎన్నడూ నమ్మలేదు. వాడే మింగేశాడని తీర్మానించుకున్నాను.

ఇక గేటు టింగుమనడం మొదలయ్యాక నాకు కంటి మీద కునుకు కరువైంది. మొదట బిగించే ఆయన్ని అనుమానించాను. వాడి దగ్గర రిమోట్ ఉంది, వాడికి ఇల్లు తెలుసు, మధ్యాహ్నం నేను ఉండనని తెలుసు. తర్వాత అనుమానం ఎదురింటి వాళ్ళ మీదికి పోయింది. వాళ్ళకూ ఏవో వైర్‌లెస్ లైట్లు ఉన్నాయి. ఒకరోజు అన్నం మానేసి ఇంటికి వచ్చి, గోడ పక్కన బండి మీద కూర్చుని కాపలా కాశాను. ఆరోజు గేటు కదలలేదు. అవ్వ వరండాలో కూర్చుని నన్నే చూస్తోంది.

“ఏం జూస్తున్నవ్ కొడుకా?”

“ఏంలే.”

“లోపట కూసో మరి. ఎండ గొడ్తుంది.”

గేటు దగ్గర కెమెరా పెట్టిద్దామన్నాను. మా ఆవిడ గరిటె కింద పెట్టి నా వైపు తిరిగింది. “కెమెరా పెడితె నేను మా అవ్వగారింటికి పోత. నేను చీపురు పట్టుకున్నది, పీచు పట్టుకున్నది నువ్వు ఆఫీసుల కూసోని చూస్తవా?” అంది. ఆ కోపం మామూలు కంటే ఒక పాలు ఎక్కువే అనిపించింది. కానీ కెమెరా అనేసరికి ఆడవాళ్ళు అంతేలే అనుకుని ఊరుకున్నాను.

కెమెరా వద్దంటే మరో ఉపాయం ఉంది. తలుపుకు అతికించే అగ్గిపెట్టెంత యంత్రం దొరుకుతుంది, తలుపు తెరిస్తే ఫోన్‌కు కబురు పంపుతుంది. అవ్వ గది తలుపుకు అది పెడితే, గేటు టింగుమన్నప్పుడు ఆమె గదిలో ఉందో లేదో నాకే తెలుస్తుంది, ఎవరినీ అడగనక్కర్లేదు. బిగించే ఆయన్నే పిలిచాను. దొంగను దగ్గర పెట్టుకుని చూడటం నాకు అలవాటే.

ఆయన హబ్ ముందు కూర్చుని ఎంతసేపు తిప్పలు పడ్డా ఆ యంత్రం కలవలేదు. చెమట తుడుచుకుని, నా మొహం చూడకుండా నీళ్ళు నమిలాడు.

“సార్, చిన్న పరేషానీ ఉన్నది. ఈ హబ్ సెకండరీ సార్.”

“అంటే?”

“నడిపిస్తది. లైటు ఏస్తది, గేటు తీస్తది. కని కొత్తదాన్ని చేర్చుకోలేదు, ఉన్నదాన్ని తీసెయ్యలేదు. ఆ హక్కు ప్రైమరీకే ఉంటది. ఒక ఇంటికి ఒక్కటే ప్రైమరీ.”

“అదెక్కడున్నది?”

ఆయన గేటు వైపు చూశాడు. “మొదట దేంతోని మొదలుపెడితె అదే ప్రైమరీ అయితది సార్. ఆరోజు అమ్మగారు బొట్టు పెట్టి పెద్దసార్‌కు ఇచ్చిండ్రు కదా... కాదనలేకపోయిన.”

నాకు అర్థం కావడానికి ఆట్టే సమయం పట్టలేదు. భూమి లెక్కలు రాసే పాత పహాణీల్లో రెండు గడులు ఉండేవి. ఒకదాంట్లో పట్టాదారు, ఒకదాంట్లో అనుభవదారు. దున్నేది, నీళ్ళు పెట్టేది, కోసేది అనుభవదారు. కానీ ఒక కుంట భూమి అమ్మాలన్నా, ఒకరి పేరు ఎక్కించాలన్నా, కొట్టెయ్యాలన్నా పట్టాదారు సంతకం కావాలి. అంటే నా ఇంట్లో నేను అనుభవదారుణ్ణి. పట్టాదారు శ్రీరాంపూర్‌లో ఉన్నాడు.

“మొత్తం చెరిపేసి మళ్ళ మొదటి నుంచి కలపరాదా?”

“కలపచ్చు సార్. కని బల్బుల వెనక పెట్టినయన్ని మళ్ళ ఇప్పాలె. సీలింగ్ కొయ్యాలె. గంతకంటె పెద్దసార్ ఆ రిమోట్ తెచ్చి, హక్కు ఈ హబ్‌కు మారిస్తే అయిపాయె. మార్చినంక గూడ ఆయన రిమోట్ పనిచేస్తనే ఉంటది, కాకపోతె సెకండరీ అయితది.”

“ఇంకో మాట. ఈ ఇంట్ల ఏమేం కలిసి ఉన్నయో నా ఫోన్‌ల లిస్టు వస్తది గదా. అది నమ్మచ్చునా?”

ఆయన తల గోక్కున్నాడు. “ప్రైమరీతోని తర్వాత ఇంకేమన్న కలిపితె ఈ హబ్‌కు తెల్వదు సార్. దీన్ని కలిపిన నాడు ఇచ్చిన లిస్టే దీనికాడ ఉంటది.”

నా వెనక ఎవరి పేరో ఎక్కించి ఉండొచ్చు, నాకు తెలిసే దారి లేదు. అన్న ఎందుకు ఎక్కిస్తాడు? పంపకాలప్పుడు భూమి చాలని సంతోషంగా సంతకం పెట్టాడు. ఇప్పుడు ఈ సందులో ఇళ్ళ ధరలు పెరిగాయి. మనిషి మనసు మారదని ఎక్కడుంది? అలాంటి అన్నదమ్ములు రోజూ నా బల్ల ముందు కూర్చుంటారు. అన్న నన్ను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయిన మనిషి అని గుర్తుకొస్తూనే ఉంది, అనుమానం దాని పని అది చేసుకుపోతూనే ఉంది.

మర్నాడే బండి మీద శ్రీరాంపూర్ పోయాను. అన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు, పిల్లలు స్థిరపడ్డా ఆ ఊరు విడవలేదు. నన్ను చూడగానే సంతోషపడ్డాడు, తర్వాత ఎందుకొచ్చానోనని నా కళ్ళలోకి చూశాడు. దేవుడి పటాల పక్కన గూట్లో రిమోట్ ఉంది. బొట్టు ఎండి పొలుసుగా ఉంది. దాని మీద బంతిపువ్వు కూడా.

“ఆ రిమోట్ ఇట్లియ్యి అన్న. తీస్కపోత.”

“దీంతోని నీకేం పని?”

“పనున్నది. అవ్వ గదికి ఒకటి పెట్టాలె.”

“ఏం పెడ్తవ్?”

చెప్పాను. వదిన చాయ్ తెచ్చింది, అది చల్లారింది.

“అవ్వ మంచిగున్నదా? బయటికి పోనిస్తున్నవా?” అన్నాడు చివరికి.

“గేటుకు తాళమున్నది గదా.”

“ఊఁ,” అన్నాడు. ఆ ఊఁ నాకు నచ్చలేదు. సాక్షి సంతకం పెట్టడానికి వచ్చి, కాగితం చదివాక మనసొప్పని మనిషి అలా అంటాడు.

“రిమోట్ ఇయ్యి మరి.”

“ఇయ్య. నేనే తెస్త. ఐతారం వస్త. బొట్టు పెట్టి ఇచ్చిండ్రు, అవ్వ ముంగటనే ఇస్త.”

ఇవ్వనంటే దానికో అర్థముంది, అవ్వ ముంగటనే ఇస్తానంటే ఏమిటి అర్థం? దారంతా అదే ఆలోచన. గోదావరి వంతెన మీద బండి ఆపి నిలబడ్డాను. నీళ్ళు నిండుగా, మట్టిరంగులో పోతున్నాయి. జేబులో ఫోన్ టింగుమంది.

గేటు తెరుచుకుంది.

నేను అటూ ఇటూ చూశాను, ఎవరైనా కనబడతారన్నట్టు. అన్న రిమోట్ ఇప్పుడే గూట్లో చూసొచ్చాను, పువ్వుతో సహా. పైగా అది ఇంటి గోడ దాటి ఆట్టే దూరం పనిచేయదని బిగించే ఆయన చెప్పాడు. అంటే అన్న కాదు. ఇంటికి ఫోన్ చేశాను.

“అవ్వ ఏం జేస్తుంది?”

“పండుకున్నది.”

అడగకముందే జవాబు నోట్లో పెట్టుకున్నట్టు వచ్చింది ఆ మాట. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా “ఆగు, చూసి చెప్త” అనలేదు. లేచి గదికి పోయి చూసే చప్పుడు ఒక్కనాడూ వినబడలేదు. ఇరవై ఏళ్ళు దాటిన కాపురంలో మొదటిసారి నా భార్యను అనుమానించాను. వంతెన మీద నిలబడి ఉన్నాను కదా, లారీలు పోతున్నప్పుడు కాళ్ళ కింద వంతెన ఊగినట్టుగా ఇల్లంతా ఊగినట్టనిపించింది. ఎవరితోనూ చెప్పలేదు. ఆదివారం దాకా నోరు కట్టుకున్నాను.

ఆదివారం అందరం హాల్లో చేరాం. అవ్వ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. మా ఆవిడ వంటింటి గడపలో నిలబడింది, లోపలికీ బయటికీ కాకుండా. బిగించే ఆయన నేల మీద హబ్ ముందు చతికిలబడ్డాడు. అన్న జేబులోంచి రిమోట్ తీసి కళ్ళకద్దుకుని, ఆయన చెప్పినట్టు ఒత్తాడు. నేను ఫోన్‌లో ఒత్తాను. హబ్ మీద లైటు కాసేపు మినుకుమినుకుమని నిలకడగా వెలిగింది.

“అయిపాయె సార్. ఇప్పుడు మీరే ప్రైమరీ. లిస్టు గూడ మొత్తం వచ్చింది చూడుండ్రి.”

చూశాను. తాళం, లైట్లు, మోటారు. కంట్రోలర్ల వరుసలో నా హబ్, అన్న రిమోట్, ఇంకోటి. దానికి పేరు లేదు. కొత్త కంట్రోలర్ అని మాత్రం ఉంది.

“ఇదెవరిది?” అని అరిచాను. బిగించే ఆయన ఉలిక్కిపడ్డాడు. “నాది కాదు సార్!” అన్నాడు. అన్న నేల చూపులు చూస్తున్నాడు. మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటోంది, అవి తడిగా లేవు.

“నేనే కలిపిన,” అన్నాడు అన్న. “తాళం బిగించిన నాడు నువ్వు పెరుగుకు పోయినవు. పెట్టెల వచ్చిన కాయితం మీద బొమ్మలు చూసి రెండోది కలిపిన. అవ్వకిచ్చిన.”

అవ్వ నడుముకు దోపుకున్న గుడ్డ సంచి విప్పింది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ, వాటి మధ్య నుంచి ఆ రెండో రిమోట్ బయటికొచ్చింది. సున్నం అంటుకుని అంచు తెల్లబడింది. దాన్ని మంచం మీద పెట్టి నా వైపు చూసింది.

“యాడికి పోతున్నవే?” అన్నాను. అరవలేకపోయాను.

“యాడికి పోత? ఎనక సందుల బీబమ్మ దగ్గరికి. చాయ్ తాగి వస్త.”

వెనక సందులో గాజుల దుకాణం వాళ్ళ ఇంటి పెద్దామె అవ్వకు చిన్ననాటి స్నేహితురాలు. ఆమె మా ఇంటికి వచ్చి వరండాలో కూర్చోవడం, అవ్వను ‘అక్కా’ అంటూ ఉర్దూ, తెలుగూ కలిపి గంటలు గంటలు మాట్లాడటం నాకు తెలుసు. ఈ మధ్య రావడం లేదని కూడా గమనించలేదు.

“దానికి మోకాళ్ళు పోయినయి. మంచం దిగుతలేదు. తాళం పెట్టినంక ఒక్కసారి గోడలు పట్టుకోని పట్టుకోని వచ్చింది, గేటుకాడ నిలవడి మళ్ళ పోయింది. నేనన్న పోవద్దా?”

“పడితే?”

“పడ్డ నాడు చూసుకుందాం.”

“చెప్పచ్చు గద!”

“ఏమని చెప్పాలె? నా ఇంట్లకెల్లి నేను బయటికి పోత అని చెప్పాల్నా?”

నేను భార్య వైపు తిరిగాను. “నీకు తెలుసు.”

“తెలుసు,” అంది. “పోయేదాక గడపల నిలవడి చూస్త. వచ్చేదాక చూస్త. నువ్వు ఫోన్ చేస్తె పండుకున్నదని చెప్త. ఇంకేం చెప్పాలె నీకు?”

ఇంట్లో ఉన్న ఇద్దరికీ, శ్రీరాంపూర్‌లో ఉన్నవాడికీ కలిపి నేనొక్కణ్ణే పరాయివాణ్ణి. రోజూ పనికిరాని టింగు ఒకటి నాకిచ్చి, అసలు సంగతి వాళ్ళంతా దాచుకున్నారు. దవాఖానాకు ఆరోజు వీళ్ళెవరూ పోలేదు. అక్కడ తెల్ల గుడ్డలు కప్పిన మంచాల మధ్య నడిచింది నేను.

“సార్,” అన్నాడు బిగించే ఆయన మెల్లగా. “ఏం జెయ్యాలె? కావాలంటె తీసెయ్యచ్చు. ఇప్పుడు మీకు హక్కున్నది.”

“తీసెయ్,” అన్నాను.

ఆయన నా ఫోన్ తీసుకుని ఏదో నొక్కాడు. హబ్ మీద లైటు ఎర్రగా కొట్టుకోవడం మొదలైంది. ఫోన్‌ను నా చేతిలో పెట్టాడు. తెర మీద రాసి ఉంది: తీసివేయవలసిన పరికరం మీద బటన్ నొక్కండి.

“ఇగ ఆ రిమోట్ మీదనే ఒత్తాలె సార్. ఏ బటనైనా సరే.” ఆయన అవ్వ వైపు తిరిగాడు. “అవ్వా, జర దాని మీద ఒక్కసారి ఒత్తుండ్రి.”

అవ్వ రిమోట్ చేతిలోకి తీసుకుంది. బొటనవేలు బటన్ మీద పెట్టి ఆగింది. ఆ వేలు మణికట్టు విరిగినప్పటి నుంచి కొంచెం వంకరగా ఉంటుంది.

“ఒత్తితె ఏమైతది?”

బిగించే ఆయన నా వైపు చూశాడు. అన్న చూశాడు. మా ఆవిడ గడపలోంచి చూసింది. నేను కోర్టులో నిలబడ్డవాడిలా ఉన్నాను.

“నువ్వు చెప్పు కొడుకా. నువ్వు ఒత్తుమంటె ఒత్తుత.”

ఎంతమందిని అడిగాను నా బల్ల ముందు: తెలిసే పెడుతున్నవా అవ్వా సంతకం, ఇది పెడితే నీ పేరు పోతది, తెలుసా? ప్రతి ముసలామెను అడిగాను. అడగకుండా వేలిముద్ర వేయించిన పాపం నా చేతుల మీద లేదు. ఇప్పుడు మా అవ్వ నన్నే అడుగుతోంది. ఒత్తితే నీ గేటు నీకు మూసుకుపోతుంది అని చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను. ఎర్రలైటు కొట్టుకుంటూనే ఉంది. వేలు అక్కడే ఉంది.

“ఒత్తకు,” అన్నాను.

కాసేపటికి ఎర్రలైటు తనంతట తానే ఆరిపోయింది. ‘సమయం ముగిసింది’ అని ఫోన్ మీద వచ్చింది. బిగించే ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

అవ్వ మంచం దిగి చెప్పులు వెతుక్కుంది. ఆకుల సంచి నడుముకు దోపుకుంది. రిమోట్ మాత్రం చేతిలోనే ఉంచుకుని, నా పక్క నుంచి, మా ఆవిడ పక్క నుంచి, వరండాలోకి నడిచింది. అక్కడ ఆగి ఒత్తింది.

నా చేతిలో ఫోన్ టింగుమంది. నేను చూడలేదు.

“బీబమ్మ చాయ్ పెట్టి ఎదురు సూస్తది,” అంది అవ్వ గేటు దగ్గర్నుంచి, వెనక్కి తిరగకుండా. “నువ్వు గూడ రా. అది నిన్ను జూడక ఎన్ని దినాలైందో. గా మోరీ కాడ చెయ్యి పట్టుకుందువు గని.”

నేను చెప్పులు వేసుకోవడానికి వంగాను.